జవాబు కోసం వదిలిన జాగా

మొన్న మధ్యాహ్నం శ్రీకాకుళం నుంచి ఎచ్చెర్ల వెళ్ళే షేర్ ఆటోలో ఒక గిటారు వినిపించింది. బ్లూస్ అనే దిగులు బాణీ, నెమ్మదిగా; వెనకాల తీరిగ్గా నడిచే డ్రమ్ము. రెండు వరసలు వాయించాక అన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయి. స్పీకరు పాడైందనుకుని డ్రైవరు దాని నెత్తిన రెండు చరిచాడు. ఆ నిశ్శబ్దం నా చేతులతో తయారైందే.

ఆ గిటారు అప్పలరాజు మాస్టారిది. రెండు జిల్లాల్లో పెళ్ళి ఆర్కెస్ట్రా అంటే ఆయన పేరే ముందు చెప్పుకునేవారు. శ్రీకూర్మం దాటాక సముద్రపొడ్డున, చేపల వేటకు వెళ్ళే ఇంట్లో పుట్టారు. ఎంత ఉక్కలోనైనా ఇస్త్రీ చొక్కా వేసుకునే మనిషి. రికార్డింగ్ పనిలో చెవి ఎలా పెట్టాలో నాకు నేర్పింది ఆయనే. "వాయించినప్పుడు అందరూ ఇంటారు. ఆగినప్పుడు ఇనడం నేర్సుకో" అనేవారు. అప్పట్లో అది నాకు పెద్దవాళ్ళ చాదస్తంలా తోచింది.

ఆయన తమ్ముడు సింహాచలం మౌతార్గాన్ వాయించేవాడట. వేదిక మీద అన్న గిటారుతో ఒక వరస అడిగితే తమ్ముడు మౌతార్గాన్‌తో జవాబు చెప్పేవాడు. ఒకరోజు పడవెక్కాల్సిన వంతు మాస్టారిదైతే, పెళ్ళి ప్రోగ్రాం ఉందని తమ్ముణ్ణి పంపారు. తమ్ముడు ముఖం ముడుచుకుని, ఒక్క మాటా ఆడకుండా వెళ్ళాడు. పడవ తిరిగి రాలేదు.

జనం పాటల్ని మెమరీ కార్డుల్లో ఎక్కించుకునే రోజుల్లో, ఎన్నో ఏళ్ళ తర్వాత, మాస్టారు తన సొంత ఆల్బమ్ చేయడానికి నా చిన్న స్టూడియోకి వచ్చారు. మాటల్లేని పాటలు ఆరు. మొదటి రోజే రెండు స్టూళ్ళు వేయించి, ఖాళీ స్టూలు ముందు కూడా ఒక మైకు పెట్టమన్నారు. ఒక వరస వాయించి, సరిగ్గా అంతసేపు ఆగి, ఆ స్టూలు వైపు తిరిగి కూర్చునేవారు.

"అది ఆడు జవాబు సెప్పే జాగా. ఆడొచ్చాడంటే నా మీద కోపం పోయినట్టేరా. ఆ మైకు ఆపకు" అన్నారు.

పెద్దాయన మనసు నొప్పించడమెందుకని తలూపాను. ఆ మైకు తీగేమో తగిలిస్తే చాలు గుయ్‌మంటోంది. పైగా ఖాళీ స్టూలుకు రికార్డింగేమిటనే వెటకారం నాకు. ఆయనకు కనబడేలా, ఆ మైకు రికార్డవ్వాల్సిన రెండో ట్రాకు ఎర్రదీపం వెలిగించి, తీగ చివరను మాత్రం మిషనుకు తగిలించకుండా బల్ల వెనక పడేశాను. ఆరు పాటలూ అలాగే అయిపోయాయి.

మర్నాడు ఉదయం హెడ్‌ఫోన్లు పెట్టుకుని, ఏమీ ఉండదని తెలిసీ అలవాటుకొద్దీ రెండో ట్రాకు నొక్కాను. గిటారు ఆగాల్సిన చోట ఎవరో ఊపిరి పీల్చుకున్నారు. మౌతార్గాన్‌ను పెదవుల దగ్గరకు తెచ్చుకున్నవాడు పీల్చే ఊపిరి అది. తర్వాతి పాటలో మరికాస్త దగ్గరగా వినిపించింది. ఆరో పాటలో ఊపిరి వెంట సన్నటి స్వరం ఒకటి లేచి, మాస్టారి వరసనే తిరిగి పలికింది.

వంగి బల్ల వెనక చూశాను. తీగ చివర దుమ్ములో అలాగే పడి ఉంది. బయట కళ్ళు చెదిరే ఎండ, బస్సుల హారన్లు. భయంతో ట్రాకు మొత్తం చెరిపేశాను. అదీ చాలక, పాటల్లోని ఆ జాగాలన్నిటిలో ఉన్న చిన్న సవ్వడిని కూడా కోసేసి, ఉత్త నిశ్శబ్దం మిగిల్చాను.

సాయంత్రం మాస్టారు వచ్చి కళ్ళు మూసుకుని ఆరు పాటలూ విన్నారు. చివర్న, "రెండో మైకులో ఏటైనా ఇనిపించిందేటిరా?" అని అడిగారు.

నిజం చెప్పాలంటే తీగ సంగతి చెప్పాలి, చెరిపేసిన సంగతీ చెప్పాలి. నాకు ధైర్యం చాలలేదు.

"ఏమీ లేదు మాస్టారూ" అన్నాను.

ఆయన కాసేపు ఆ స్టూలు వైపే చూశారు. "అయితే ఆడికి కోపం పోనేదన్నమాట" అన్నారు. గుమ్మం దగ్గర చెప్పుల్లో కాళ్ళు పెట్టుకోవడానికి ఆయనకు చాలాసేపు పట్టింది.

ఆల్బమ్‌ను జనం మెచ్చుకున్నారు. ఆయన మళ్ళీ గిటారు ముట్టలేదు. నిజం చెప్పేద్దామని మూడుసార్లు వాళ్ళ వీధి దాకా వెళ్ళి వెనక్కి వచ్చేశాను. నాలుగోసారి వెళ్ళింది ఆయన శవాన్ని చూడటానికి.

ఇప్పుడు నా దగ్గర పని నేర్చుకునేవాళ్ళను ఏ రికార్డింగులోనూ ఎవరి ఊపిరినీ కోయనివ్వను. దానివల్ల నా బరువేమీ తగ్గలేదు. ఆయనకు చెప్పాల్సిన మాట ఇప్పటికీ నా గొంతులోనే ఉంది. మీ తమ్ముడు వచ్చాడు మాస్టారూ. ఆరు పాటలకూ వచ్చాడు.