తడి వేళ్లూ వైర్‌మన్ పరీక్షా

యుద్ధం రోజుల్లో నూలు దొరక్క మంగళగిరిలో మా మగ్గం మూలపడింది. నేను మా ఆవిణ్ణి వెంటబెట్టుకుని బెజవాడ వచ్చి, ఇళ్లకి కరెంటు వైర్లు లాగే మేస్త్రీ దగ్గర చేరాను. రెండేళ్లలో పని చేతికొచ్చింది. కానీ వైర్‌మన్ సర్టిఫికెట్టు లేనిదే సొంతంగా పని పట్టకూడదు. ఎన్నాళ్లయినా మేస్త్రీ వెనకాల నిచ్చెన మోసుకుంటూ తిరగాల్సిందే. ఆ నిచ్చెనంటేనే నాకు ఒళ్లుమంట.

పరీక్షలో పని చేసి చూపించాలి, అడిగినవాటికి జవాబులూ చెప్పాలి. పనికి నేను భయపడలేదు. వోల్టేజీ, కరెంటు, రెసిస్టెన్సు అనే మూడు మాటలే నన్ను మూడు చెరువుల నీళ్లు తాగించాయి. మా ఆవిడ రేషను బియ్యంలో రాళ్లు ఏరుతూ నా చేత పాఠం అప్పజెప్పించుకునేది. చదువు రాదు గానీ, అర్థం కాని మాటని ఊరికే వదిలే మనిషి కాదు.

"కరెంటు పారుతుందంటారు. వైరు చూస్తే పొడిగానే ఉంది. ఎక్కడ పారుతోందండీ?" అని అడ్డం తిరిగింది.

మర్నాడు కాలువ లాకుల దగ్గరికి తీసుకెళ్లి చూపించాను. తలుపుకి ఇటూ అటూ నీటిమట్టంలో ఉన్న తేడా వోల్టేజీ, తలుపెత్తితే పారేది కరెంటు, దారిలో అడ్డుపడే నాచు రెసిస్టెన్సు.

"అయితే నాచు తీసేస్తే నీళ్లు ఎక్కువ పారతాయి. ఇంతేగా! దీనికి నెల్లాళ్లు బట్టీ పట్టారా?" అంది. నవ్వొచ్చింది, రోషమూ వచ్చింది.

పరీక్ష రోజు ఇంజనీరుగారు తెగిన వైరు అతకమన్నారు. మెయిన్ ఆపాను, చాకుతో కొసలు గీకాను, వేళ్లు నాలుకకి అద్దుకుని వైరు అందుకున్నాను.

"ఆగవయ్యా! ఆ వేళ్లు నోట్లో పెట్టుకున్నావేం?"

"నేతవాణ్ణండీ. దారం తెగితే వేళ్లు తడిచేసుకునే కొసలు కలుపుతాం. చిన్నప్పటి అలవాటండీ."

"మెయిన్ ఆపావు, బాగుంది. ఎవరైనా తెలియక వేస్తే? తడి వేలికి రెసిస్టెన్సు పెరుగుతుందా, తగ్గుతుందా?"

"తగ్గుతుందండీ."

"తగ్గితే?"

"కరెంటు ఎక్కువ పారుతుందండీ."

"పారితే?"

"నేనుండనండీ."

గదిలో అందరూ పకపకా నవ్వారు. ఆయనా నవ్వుతూనే, "నీ నోరు పాసయింది, చెయ్యి ఫెయిలైంది. మూడు నెలలాగి రా" అన్నారు.

ఇంటికొచ్చి ఇదంతా ఆయన గొంతుతో సహా ఆడి చూపించాను. మా ఆవిడ నవ్వలేదు. చేట కింద పెట్టింది.

"ఇన్నాళ్లూ తడి వేళ్లతోనే వైర్లు పట్టుకున్నారా? నాచు తీసేసిన కాలువలాగానా?"

అప్పటిదాకా పరీక్ష పోయిందనే నా బాధ. ఆవిడ కళ్లల్లో నీళ్లు చూశాక మొదటిసారి భయం వేసింది.

తెల్లారగానే వేపాకు నూరి నా బొటనవేలికీ చూపుడువేలికీ పట్టించింది. చంటిపిల్లల చేత పాలు మాన్పించడానికి తల్లులు చేసే పని అది. "పాలు మానాడా మనవాడు?" అని మేస్త్రీ వారం రోజులు ఏడిపించాడు. మొదటి రోజే పదిసార్లు చేదు మింగాను. నెల తిరిగేసరికి చెయ్యి నోటిదాకా వచ్చి ఆగిపోయేది. తర్వాత రావడమే మానేసింది.

రెండోసారి ఇంజనీరుగారు నా వేళ్లనే చూస్తూ కూర్చున్నారు. నిక్షేపంగా పాసయ్యాను. సర్టిఫికెట్టు జేబులో పెట్టుకుని, బెల్లం మిఠాయి పొట్లం కట్టించుకుని, వీధి వీధంతా నాదే అన్నట్టు నడిచి ఇంటికొచ్చాను.

మర్నాడు లేచేసరికి మా ఆవిడ మళ్లీ వేపాకు నూరుతోంది.

"పాసయ్యానుగా, ఇంకా ఎందుకే?" అన్నాను.

"ఆయన ఒక్కరోజు చూసి పంపించేశారు. నేను రోజూ పొద్దుగూకేదాకా మీకోసం ఎదురుచూడాలి" అంది.

నేను రెండు వేళ్లూ చాపాను.