నా ఫ్లెక్సీ మీద రంగుల మావ అక్షరాలు

ఆ రోజుల్లో మా ఉద్దానం పల్లెల్లో ఏ ఇంట్లో ఏం జరిగినా ఫ్లెక్సీ పడాల్సిందే. పుట్టినరోజుకి ఒకటి, వార్డు మెంబరుగా గెలిస్తే ఒకటి, ట్రాక్టరు కొంటే ట్రాక్టరు బొమ్మతో సహా ఒకటి. అవి తయారయ్యే పలాస దుకాణంలో నేను కంప్యూటర్ ఆపరేటర్ని. ఇది జరిగేనాటికి నా డిగ్రీ ఫలితాలొచ్చి సరిగ్గా ఒక్కరోజు. మా వంశంలోనే కాదు, మా ఊళ్ళోనే డిగ్రీ పాసైన మొదటివాణ్ణి, అందులోనూ కంప్యూటర్స్! మందస బస్సులో కండక్టరు టిక్కెట్టు అడక్కముందే ఆ సంగతి చెప్పేశాను. కాశీబుగ్గలో టీ కొట్టాయనకి రెండుసార్లు చెప్పాను (మొదటిసారి పాలు పొంగుతున్న హడావిడిలో ఆయన సరిగ్గా ఆనందించలేదు).

దుకాణం మా బావది. కంప్యూటర్ తెర అంచున ఆయన స్వయంగా ఒక చీటీ అంటించాడు: 'ఏటడిగినా ఒప్పుకోవద్దు'. "అది కొత్తదేదో ఎక్కించమంటాదిరా. ఇంటూ గుర్తు నొక్కీ, అంతే" అనేవాడు. నిన్నటిదాకా నొక్కాను. పట్టభద్రుడు కూడా అలాగే నొక్కుతాడా? ఆ ఉదయం బావ టిఫినుకి వెళ్ళగానే, ఆపరేటింగ్ సిస్టం అప్‌డేట్ చేయమంటారా అని కంప్యూటర్ మర్యాదగా అడిగింది. నేనూ అంతే మర్యాదగా సరేనన్నాను. అరగంట తనలో తానే తిరిగి, పెళ్ళికొడుకులా మెరుస్తూ లేచింది. తెలుగు సాఫ్ట్‌వేర్ తెరిచాను. అక్షరాలు లేవు. వరసగా గళ్ళు, ఖాళీ గళ్ళు.

సరిగ్గా అప్పుడే మా నాన్న దిగాడు, చంకలో కొబ్బరికాయల సంచి, జేబులో నా ఫోటో. మర్నాడు మా ఊరి అమ్మవారి సంబరం. పందిరి ముందు నా ఫ్లెక్సీ కడతానని ఊరందరికీ చెప్పేశాడట. సాయంత్రం బస్సుకి అది ఆయన చేతిలో ఉండాలి.

"ఏటిరా ఇవి, కిటికీలా?" అన్నాడు తెర చూసి.

"అక్షరాలే నాన్నా, కొంచెం ఇబ్బంది పడుతున్నాయి. పోనీ ఇంగ్లీషులో రాసేద్దామా?"

"ఇంగిలీసులో రాత్తే మనూల్లో ఎవులు సదువుతారు? నాకెలాగూ సదువు రాదు. సదివినోల్లు గట్టిగా సదువుతుంటే పక్కన నిలబడి ఇందామనుకున్నాను."

 కంప్యూటర్ ఆపి తెరిచాను, తెలుగు సాఫ్ట్‌వేర్ తీసేసి మళ్ళీ ఎక్కించాను, విశాఖలో దాన్ని అమ్మినాయనకి ఫోన్ చేశాను. "వారం ఆగండి" అన్నాడు. ఈలోగా బావ వచ్చి చీటీ వైపు, నా వైపు చూశాడు. "డిగ్రీ పాసయిపోనావని పొద్దున్నుంచి ఊరంతా సెప్పావు గదా, ఆ కంప్యూటర్‌కీ సెప్పావేటి? అదిరిపోనాది పాపం!"

నాన్న మాత్రం నవ్వలేదు. కొబ్బరికాయల సంచి ఒళ్ళో పెట్టుకుని తెరనే చూస్తున్నాడు. అది చూడలేక వీధి చివరికి పరుగెత్తాను. అక్కడుండేవాడు రంగుల మావ. ఫ్లెక్సీలు రాకముందు పలాసలో ప్రతి బోర్డూ ఆయన చేతిదే. "మావా, ఆ కుంచెలతో ఇంక గోడలకి సున్నమేసుకో" అని అంతకు ముందు నెలే నేను వేళాకోళం చేసిన మనిషి.

అంతా విని, చుట్ట తీసి పక్కన పెట్టాడు. "ఏటి బాబూ, అప్‌డేట్ సేసీసినావా? నా కుంచెకి ఆ జబ్బు నేదురా. పద."

నా ఫోటో ఒక్కటే పడిన ఫ్లెక్సీని నేల మీద పరిచాం. మావ మోకాళ్ళ మీద కూర్చుని, గీత కూడా కొట్టకుండా, ఎనామిల్ రంగుతో 'మన ఊరి మొదటి పట్టభద్రుడికి శుభాకాంక్షలు' అని రాసేశాడు. నాన్న ఒక్కో అక్షరం పక్కనే పాక్కుంటూ "ఇదేటి? ఇదేటి?" అని అడుగుతుంటే, మావ విసుక్కోకుండా చదివి వినిపించాడు. "మడతెట్టకు బావా, సుట్టి అట్టుకెల్లు. పచ్చిగా ఉన్నాది" అన్నాడు చివర్లో నాన్నతో. నాన్న కొబ్బరికాయల సంచి మొత్తం ఆయన చేతిలో పెట్టేశాడు. మర్నాడు సంబరంలో జనం నా ఫోటో కంటే ఆ అక్షరాల వంపులే ఎక్కువ చూశారు. వాళ్ళు చదువుతుంటే నాన్న పక్కన నిలబడి, వాళ్ళకంటే ఒక్క అక్షరం ముందే పైకి చెప్పేస్తున్నాడు.

ఇప్పటికీ మా ఇంట్లో జీడిపిక్కలు ఆ ఫ్లెక్సీ మీదే ఎండుతాయి. కంప్యూటర్ నుంచి పడిన నా మొహం రెండు ఎండాకాలాలకే వెలిసిపోయింది. మావ రాసిన 'పట్టభద్రుడు' మాత్రం ఇంకా మెరుస్తున్నాడు. మొన్న నా ఫోన్ అప్‌డేట్ చేయమంటావా అని అడిగితే, వేలు దానంతటదే ఇంటూ గుర్తు మీదికి వెళ్ళింది.