విధేయత సున్నా

ఉమారాణి గురించి రాయడానికి నాకంటే అర్హత లేని మనిషి ఈ చుట్టుపక్కల ఉండదు. ఆమె మీద ఫిర్యాదు రాసినదాన్ని నేనే. అయినా రాస్తున్నాను. ఆమె గురించి మంచిగా ఒక్క ముక్క ఎవరూ రాసి పెట్టలేదు, రాసిన రెండు పేజీలూ నా చెత్తే కాబట్టి ఆ బాకీ నాదే.

ఆమె ప్రభుత్వ బస్సులో కండక్టర్. ముప్పై అయిదేళ్లుంటాయి. పుట్టింది గరిడేపల్లి పక్క ఊళ్లో. నాన్న మైసయ్యకు నూట ఇరవై గొర్రెలు. బడి సెలవులన్నీ ఆమెకు మంద వెనకే గడిచిపోయాయి. డిగ్రీ అయ్యాక కండక్టర్ ఉద్యోగానికి దరఖాస్తు పెడితే, గొర్లు తోలే పిల్ల ఇగ మనుషుల్ని తోలుతదట అని ఊరు నవ్వింది. ఇప్పుడు ఆ నవ్వినవాళ్లే బస్టాండులో కిటికీలోంచి తువ్వాల వేసి, సీటు చూడమని ఆమెకు సైగలు చేస్తారు. ఆమె ఆ తువ్వాల తీసి ముందుగా ఎక్కిన ముసలమ్మకు సీటిస్తుంది. అడిగితే, తువ్వాలకు టికెట్ లేదంటుంది.

నా పేరు చరిత. మాది కోదాడ. ఇంటికి పదెకరాల మాగాణి, నాకు పీజీ పట్టా, నోరు కూడా దండిగానే ఉన్నాయి. లేనిది పర్మినెంటు ఉద్యోగం. రెండేళ్ల కిందటి వానాకాలంలో మిర్యాలగూడలో ఒక కాలేజీ వాళ్లు ఇంటర్వ్యూకి పిలిచారు. పదకొండింటికి రమ్మన్నారు. ఎనిమిదింటి బస్సెక్కాను. పెద్ద రోడ్డు మీద చెట్టు పడిందని బస్సును ఊళ్ల మీదుగా మళ్లించారు. ఆ దారిలో ఒక వాగు ఉంది. దాని మీదున్న కల్వర్టు పైనుంచి ఎర్రనీళ్లు పారుతున్నాయి.

మా ముందే ఒక లారీ దాటిపోయింది. డ్రైవర్ జనార్దన్ కూడా గేరు మార్చాడు. అప్పుడు కండక్టర్ విజిల్ వేసి కిందికి దిగింది. టికెట్ల మిషన్‌ను ప్లాస్టిక్ కవర్లో చుట్టి చంకలో పెట్టుకుని, వానలో బస్సు ముందుకెళ్లి నిలబడింది. బస్సులో ఉన్న నలభై మందీ తలా ఒక మాట అన్నారు. అందరికంటే గట్టిగా అరిచింది నేనే. కిటికీలోంచి తల బయటపెట్టి, "మీ భయానికి మా ఉద్యోగాలు పోవాలా?" అన్నాను.

"పోతే పోనియ్యి మేడం. నేను నిలవడ్డంక బండి నీళ్లల్ల దిగదు" అంది ఆమె.

గంటా యాభై నిమిషాలు అక్కడే ఉన్నాం. ఆలోపు రెండు ట్రాక్టర్లు, ఒక ఆటో మా పక్కనుంచే వెళ్లి క్షేమంగా అవతలి గట్టెక్కాయి. ఆటోవాడైతే వెనక్కి తిరిగి చెయ్యి ఊపాడు కూడా. నీళ్లు తగ్గాక మేమూ దాటాం. నేను వెళ్లేసరికి ఇంటర్వ్యూ అయిపోయింది, ఉద్యోగం ఇంకెవరికో వెళ్లింది. ఆ సాయంత్రం కూర్చుని రెండు పేజీల ఫిర్యాదు రాశాను. పేరు పెట్టే ధైర్యం లేక కింద 'ఒక బాధ్యత గల ప్రయాణికురాలు' అని పెట్టాను. నా జన్మలో అంత పదునుగా ఇంకేదీ రాయలేదు.

ఇక ఆట సంగతి. సూర్యాపేటలో సుధాకరన్నకు జిరాక్స్ షాపుంది. హైదరాబాదులో ఉద్యోగం చేసినప్పుడు అక్కడి స్నేహితుల దగ్గర ఒక ఆట నేర్చుకొచ్చాడు. ఆదివారం మధ్యాహ్నం షాపు మేడ మీద మాతో ఆడిస్తాడు. బల్ల చుట్టూ కూర్చుంటాం. ఆయన కథ చెబుతాడు. కథలో మాకు తలా ఒక పాత్ర. ఏ పాత్ర ఏం చేస్తుందో మేమే చెప్పాలి. అది జరుగుతుందా లేదా అనే అనుమానం వస్తే ఇరవై ముఖాల పాచిక వేసి తేలుస్తాం. నియమాలన్నీ సుధాకరన్న తెలుగులో రాసి జిరాక్స్ తీసి పెట్టాడు. మొదట్లో ఆడేవాళ్లం ఇద్దరమే, నేనూ మిర్యాలగూడ రైసుమిల్లు వాళ్లబ్బాయి నవీనూ.

ఒక ఆదివారం సూర్యాపేట బస్సులో ఆడవాళ్లకిచ్చే జీరో టికెట్ కోసం ఆధార్ కార్డు తీస్తుంటే సంచిలోంచి పాచిక జారి, దొర్లుకుంటూ పోయి కండక్టర్ చెప్పు దగ్గర ఆగింది. వంగి తీసింది ఉమారాణి. నేను ఆమెను వెంటనే గుర్తుపట్టాను. ఆమె నన్ను గుర్తుపట్టలేదనుకున్నాను. రోజుకు వెయ్యి ముఖాలు చూసే మనిషికి నా ముఖం ఏం గుర్తుంటుందిలే అని ధైర్యం చెప్పుకున్నాను. పాచికను తిప్పి తిప్పి చూసి, దీనికి ఇన్ని మొకాలేందని అడిగింది. చెప్పాను. సూర్యాపేట వచ్చేదాకా అడుగుతూనే ఉంది. దిగేటప్పుడు మాట వరసకు మీరూ రండి అన్నాను. తప్పు చేసినవాళ్లకు మర్యాద ఎక్కువవుతుంది కదా.

పై ఆదివారం నిజంగానే వచ్చింది. ఆ తర్వాత ఒక్క ఆదివారమూ మానలేదు. ఆదివారం సెలవు దొరకడం కోసం పండగలకు వేరేవాళ్ల డ్యూటీలు నెత్తినేసుకుంది. ఇంట్లో భర్త ఇదేం ఆటని అడిగితే, నీకు క్రికెట్టున్నట్టు నాకిది ఉందని చెప్పిందట. వారంలో ఆరు రోజులు బస్సులో అందరి మాటా పడతాను, ఈ మూడు గంటలు మాత్రం నావి అనేది.

బస్సాపిన సంగతి కూడా ఒకరోజు ఆమే చెప్పింది. పైవాళ్లు సంజాయిషీ అడిగితే ఒక్క ముక్క రాసిచ్చిందట, నీళ్లు కనిపించాయి, రోడ్డు కనిపించలేదు, ఆపాను అని. ఇంతేనా అంటే ఇంతే అందట. ఫిర్యాదు ఎవరో మేడం రాసింది, రాసింది మొత్తం తిట్లే గానీ అక్షరాలు మాత్రం ముత్యాలు అని నవ్వింది. అందరితో పాటు నేనూ నవ్వాను. సిగ్గులేని నవ్వు.

కొత్త కథ మొదలయ్యే రోజున సుధాకరన్న మా పాత్రలకు తలా ఒక తోడు జంతువును ఎంచుకోమన్నాడు. మనిషికో కాగితం ఇచ్చాడు. దాని మీద ఆరు గళ్లు, బలం, వేగం, చూపు, వినికిడి, ఓర్పు, విధేయత. మొత్తం ముప్పై మార్కులు, ఆరింటికీ పంచుకోవాలి. నవీన్ చిరుతపులిని రాసుకున్నాడు. నేను గద్దను. ఉమక్క పెన్ను మూత తీసి, మేక అని రాసింది.

నవీన్ పడీ పడీ నవ్వాడు. గొర్లోళ్లు గదా, మేక గాక ఇంకేం తెస్తరు అన్నాడు. వాడు చెడ్డవాడు కాదు, కడుపు నిండినవాడు.

"అవు, గొర్లోళ్లమే" అంది ఉమక్క. "నువ్వు చిరుతను ఏడ సూసినవ్?"

"ఫోన్ల."

"గదే మరి. నేను దీంతోని పదేండ్లు తిరిగిన."

అప్పుడు చెప్పింది రాగి సంగతి. గొర్రెల మందలో ఒకటో రెండో మేకల్ని ఉంచుతారు. కొత్త దారైనా, కాలువ దాటాలన్నా గొర్రెలు ముందుగా కాలు పెట్టవు. మేక నడిస్తే దాని వెనక మందంతా నడుస్తుంది. మైసయ్య మందలో ఆ మేక ఎర్రగా ఉండేది, పేరు రాగి. ఉమక్కకు పదేళ్లప్పుడు పిల్లకాలువ దగ్గర రాగి ఆగిపోయింది. మోకాలు కూడా మునగని నీళ్లవి. మైసయ్య అదిలించాడు, కట్టెతో కొట్టాడు. కదల్లేదు. ఆయనకు కోపం వచ్చి రెండు గొర్రెల్ని ఎత్తి నీళ్లలోకి తోశాడు. పైన తూము ఎత్తిన సంగతి ఎవరికి తెలుసు? ఒక్కసారిగా నీళ్లొచ్చాయి, రెండూ కొట్టుకుపోయాయి. మందంతా రాగి వెనక గట్టు మీదే ఉండిపోయింది. ఆ రోజు తర్వాత మైసయ్య దాని మీద కట్టె ఎత్తలేదు. ఆ తర్వాత కూడా అది చాలాసార్లు ఊరికే ఆగిందట, ఎందుకో ఎవరికీ తెలియకుండానే. ఆగినప్పుడల్లా ఆయన మందను చుట్టు దారి తిప్పేవాడు. ముసలిదైనా అమ్మలేదు.

ఆ మాటలు చెబుతూనే ఉమక్క గళ్లు నింపింది. వినికిడి తొమ్మిది, చూపు ఎనిమిది, ఓర్పు ఏడు, వేగం మూడు, బలం మూడు. విధేయత సున్నా.

సున్నా చూసి సుధాకరన్న పెన్ను కింద పెట్టాడు. ఊరందరిదీ ఒక దారైతే ఉలిపికట్టెది మరో దారన్నట్టుందే నీ సంగతి అని నసిగాడు. తోడు జంతువు అన్నాక మాట వినాలి కదా, పిలిస్తే రావాలి, పొమ్మంటే పోవాలి అన్నాడు.

"మాట ఇనేటియి మందల నూట ఇరవై ఉన్నయన్నా" అంది ఉమక్క. "ఎటు తోల్తె అటు పోతయి. ఒక్కటన్న ఆగేది ఉండాలె."

సుధాకరన్న ఒప్పుకోలేదు, కాదనలేదు కూడా. తర్వాత చూద్దాం అన్నాడు.

ఆ తర్వాత అంటే నాలుగో ఆదివారం. కథలో కొండ అవతల ఒక ఊళ్లో విషజ్వరాలు. మందు మా మూటలో ఉంది. మధ్యలో పెద్ద లోయ, దాని మీద తాళ్ల వంతెన. చుట్టు దారిలో పోతే మూడు రోజులు పడుతుంది. సుధాకరన్న వంతెనను వర్ణిస్తుండగానే నవీన్ చిరుతను ముందుకు నడిపించబోయాడు.

"రాగి ఆగింది" అంది ఉమక్క.

నవీన్‌కు విసుగొచ్చింది. అవతల జనం చచ్చిపోతుంటే మేక కోసం మూడు రోజులు తిరుగుదామా అక్కా అన్నాడు. అందులో న్యాయం లేకపోలేదు. సుధాకరన్న కూడా పాచిక ఆమె ముందుకు జరిపి, వేసి మేకను నడిపించు అన్నాడు. ఆమె వేయనంది. పాచిక వేయననే వాళ్లు బల్ల దగ్గర ఉండకూడదని నియమం, రాసింది నేనే, నా చేత చెరిపించకు అన్నాడాయన. గొంతులో కోపం కంటే బతిమాలుకోవడమే ఎక్కువగా ఉంది.

ఉమక్క పాచికను తీసి డబ్బాలో పెట్టి, మూత వేసింది.

"నేనే పాచిక ఏసి తోల్తె గది నా మేక గాదన్నా" అంది. కాగితం మడిచి సంచిలో పెట్టుకుంది. కుర్చీ వెనక్కి జరిపి లేచింది. ఆ మూడు గంటల కోసం ఎన్ని పండగ డ్యూటీలు చేసిందో నాకు తెలుసు. ఆమె మెట్ల వైపు నడుస్తుంటే నాకు ఆ వాన, ఆ ప్లాస్టిక్ కవరు, ఆ ఎర్రనీళ్లు కళ్ల ముందుకొచ్చాయి. ఆ రోజు ఆమె ఒక్కతే నిలబడింది. నలభై మందిలో ఒక్కళ్లం కూడా దిగి పక్కన నిలబడలేదు.

"నా గద్ద కూడా దాటదు" అన్నాను.

గద్దకు వంతెనతో పనేంటక్కా, ఎగిరిపోతది గదా అన్నాడు నవీన్. సుధాకరన్నకు నవ్వాగలేదు. నాకు మాత్రం ఏడుపొచ్చింది.

"దాటనిది గద్ద కాదు, నేను" అన్నాను. "ఉమక్కా, ఆ ఫిర్యాదు రాసింది నేనే."

ఆమె మెట్ల దగ్గర ఆగి, వెనక్కి తిరిగింది. ముఖంలో ఆశ్చర్యమేమీ లేదు.

"ఎర్కనే. ఐదో సీటు, కిటికి పక్క, పచ్చ చున్నీ. మా నాయిన నూట ఇరవై గొర్ల మొకాలు ఎర్కవడ్తడు, నాకు నలభై మంది ఎర్కుండరా? ఆట కాగితం మీద నీ రాత గూడ మొదటాదివారమే సూసిన."

మరి ఇన్నాళ్లూ ఎందుకు అడగలేదన్నాను.

"అడుగుతె నువ్వు మళ్ల పిలుస్తుంటివా? నీ నౌకరి పోయిన మాట నిజమే, కోపం రాదా మరి. గని సూడు చరితా, రేపు గసొంటి నీళ్లే కనవడితె రేపు గూడ ఆపుత. నువ్వు నాలుగు పేజీలు రాసినా ఆపుత."

"రాయను" అన్నాను. ఆమె వచ్చి నా పక్క కుర్చీలో కూర్చుంది. సంచిలోంచి కాగితం తీసి, మడత విప్పి, బల్ల మీద పరిచింది.

నవీన్ కాసేపు అందరి ముఖాలూ చూశాడు. తర్వాత బల్ల మీదున్న తన చిరుత బొమ్మను వంతెన దగ్గర్నుంచి వెనక్కి జరిపి, మూడు దినాల తిండి ఉందా అక్కా మన దగ్గర అని అడిగాడు. సుధాకరన్న నియమాల కాగితం తీసి, పాచిక వేయననే వాళ్ల గురించి రాసిన వాక్యాన్ని అడ్డంగా కొట్టేశాడు. ఆ మూడు రోజుల్లో ఆ ఊళ్లో ఏమైనా జరగొచ్చు, అది నేను ఆపను, ముందే చెబుతున్నాను అన్నాడు. ఉమక్క తలూపింది. అది ఆమెకు కొత్త సంగతేం కాదు.

అప్పుడు సుధాకరన్న తన నోట్‌బుక్ తెరిచాడు. ఆ వంతెన అసలు గట్టిదో పుచ్చిపోయిందో అందులో ముందే రాసి పెట్టుకుంటాడు. మాకు చదివి వినిపించబోయాడు. నవీన్ ముందుకు వంగాడు. నిజం చెప్పొద్దూ, నేనూ వంగాను.

ఉమక్క చెయ్యి చాపి నోట్‌బుక్ మూసేసింది.

"సదవకన్నా. తెల్వకుండనే ఆగినం."