అక్రోటు చెట్టు చుట్టూ దారి

పోయిన వారం నాకొక ఫోను వచ్చింది. నేను ముప్పై ఏళ్ళు పనిచేసి రిటైరయిన పార్కుల ఆఫీసు నుంచి, ఇప్పుడు నా కుర్చీలో కూర్చుంటున్న అమ్మాయి చేసింది. జర్మనీలో, బ్రెమెన్ శివార్లలోని ఒక పాత షావుకారు మేడ తోటలో పచ్చిక జూలై రాకుండానే ఎండిపోతోందనీ, మేడ మెట్ల దగ్గర నుంచి చెరువు దాకా ఒకప్పుడు మేము ఖాళీ చేయించిన మైదానంలో మళ్ళీ నీడ చెట్లు వేయబోతున్నామనీ, పాత సర్వే కాగితాలేమైనా నా దగ్గర ఉన్నాయా అనీ అడిగింది. ఉన్నాయని చెప్పాను.

డ్యూసెల్‌డార్ఫ్ నుంచి వారాంతానికి వచ్చిన మా అమ్మాయి, “కెల్లర్ నిండా నీ పేపర్లే కదా నాన్నా, ఇవన్నీ ఎప్పుడో ఆల్ట్‌పాపియర్‌ చెత్తడబ్బాలో వేసెయ్యాల్సింది,” అని విసుక్కుంటూనే నేలమాళిగలోంచి అట్టపెట్టె పైకి మోసుకొచ్చింది. అడుగున ఉండనే ఉంది నా చేతిరాత చెట్ల పట్టీ. ముప్పై ఆరో నెంబరు, అక్రోటు, ఆరోగ్యం బాగు, నిర్ణయం తొలగింపు. చివర ‘విశేషాలు’ అని ఒక గడి ఉంది. అందులో ఏమీ లేదు.

తోటల పిచ్చి నాకు మా నాన్న నుంచి వచ్చింది. గోదావరి జిల్లాలో ఒక మిషన్ ఆసుపత్రి ఆవరణను నాన్న చూసుకునేవారు. మా వయసువాళ్ళకు గుర్తుండే ఉంటుంది, ఏటవాలుగా పాతి సున్నం కొట్టిన ఇటుకల మధ్య గుండ్రటి మళ్ళు, మధ్యలో క్రోటన్లు, అంచున ఎర్రాకు మొక్కలు, ఎవరైనా కాలు పెడితే నాన్న కేకలు. అది విక్టోరియా రాణి కాలపు ఇంగ్లీషు తోటల పద్ధతి అనీ, దొరసానులు ఓడల్లో దాన్ని మా ఊరి దాకా మోసుకొచ్చారనీ నాకు ఇక్కడ చదువుకునే రోజుల్లోగానీ తెలియలేదు. అంతకుముందు తరం ఇంగ్లీషువాళ్ళు తోటంటే అడవిలా సహజంగా కనబడాలనేవారట, వంపులు తిరిగే పచ్చిక, అక్కడక్కడా చెట్ల గుంపులు, దూరాన చెరువు. ఆ తరువాత అద్దాల ఇళ్ళు వచ్చాయి, వాటిలో వేలకొద్దీ నారు పెంచడం వచ్చింది, ఇక పూలతో తివాచీలు పరిచారు, ఫెర్న్‌ల కోసం రాతి గుహలు కట్టారు, లోకంలోని వింత చెట్లన్నీ తెచ్చి నాటారు. ఈ తోట వేయించిన మా షావుకారు ఇంగ్లండుతో వ్యాపారం చేసినవాడు కాబట్టి ఆ రెండూ కావాలనుకున్నాడు. మేడ ముందు పూల తివాచీ, దాని అవతల చెరువు దాకా అడ్డులేని చూపు. ఆయన కాలపు నక్షా దొరికింది గనుక తోటను అచ్చం అలాగే నిలబెట్టాలని మా ఆఫీసు నిర్ణయించింది. నక్షాలో లేని చెట్లకు నెంబరు వేసి, ఉంచాలో కొట్టాలో రాసే పని కొత్తగా చేరిన నాకు అప్పగించారు.

ఆ చూపుకు సరిగ్గా నడుమ నిలబడి ఉండేది అక్రోటు చెట్టు, ఇప్పటి పిల్లలు వాల్‌నట్ అంటారే అది. ఆ తోటను అప్పటికి ముప్పై ఏళ్ళుగా చూసుకుంటున్న ముసలి తోటమాలి ఒకాయన ఉండేవాడు. పొడుగు మనిషి, మాట తక్కువ. నేను వెళ్ళిన మొదటి శరదృతువులోనే ఆ కాయలు సంచెడు నా చేతికిచ్చాడు. వాటి పచ్చి తొక్కు తీస్తే నా వేళ్ళు నల్లబడి వారమైనా వదల్లేదు. మా ఆవిడ వాటిని వేయించి, ఎండుమిర్చి వేసి పొడి కొట్టింది, ఆ చలికాలమంతా అన్నంలోకి అదే. ఒకరోజు టేపు పట్టుకుని చెట్టు చుట్టుకొలత తీస్తుంటే ఆయన వచ్చి టోపీ తీసి నిలబడ్డాడు. యుద్ధం ముగిసిన ఏడాది ఆ పచ్చికంతా దున్ని బంగాళాదుంపలు వేశారనీ, అప్పుడు తినమని ఇచ్చిన అక్రోటు కాయను తన చెల్లెలు తినకుండా అక్కడ పాతిపెట్టిందనీ, ఆ చలికాలం దాటకుండానే జబ్బు చేసి పోయిందనీ నాలుగు ముక్కల్లో చెప్పాడు. ఈ ఒక్కటీ ఉంచగలవా అని అడిగాడు.

ఉంచగలిగేవాణ్ణి. మా పెద్దాఫీసరు ముందే చెప్పాడు, ఏ చెట్టునైనా వదలాలంటే విశేషాల గడిలో కారణం రాయి, నేను సంతకం పెడతాను అని. బ్లూ కార్డు వీసాల్లేని రోజులవి, ఇక్కడ ఉండనిచ్చే నా పర్మిట్టు ఆ ఉద్యోగానికి ముడిపడి ఉండేదని చాలా ఏళ్ళు నాకు నేను సర్దిచెప్పుకున్నాను. నిజం అది కాదు. ఒక పసిపిల్ల చావు తోటపనికి సంబంధించిన కారణం కాదనిపించింది నాకు. గీత గీసినట్టుండే నక్షా అంటే నాకు, మా నాన్నకు తన ఇటుకల మీద ఉన్నంత మోజు. షావుకారు నాటాడన్న ఒక్క కారణంతో చిలీ దేశపు ముళ్ళ చెట్టును వదిలేసి, తరువాత వచ్చినదని దీన్ని తీసేయమన్నాను. ఈ దేశానికి తరువాత వచ్చినవాళ్ళలో నేనూ ఉన్నానన్న ఆలోచనే రాలేదు. ఇంటికెళ్ళి చెబితే మా ఆవిడ కంచంలో అన్నం కలుపుతున్నదల్లా ఆగిపోయింది.

“ఆ పెద్దాయన అడిగింది ఒక్క చెట్టే కదండీ,” అంది. ఆ పొడి డబ్బా మళ్ళీ బల్ల మీదకు రాలేదు.

చెట్టు కొట్టిన రోజు ఆయన సెలవు పెట్టలేదు, అవతల గులాబీలకు కత్తిరింపులు చేస్తూనే ఉన్నాడు. మొద్దు పెకలించి, మట్టి నింపి, పచ్చిక పరిచాక చూపు అద్భుతంగా తెరుచుకుంది, ఫోటోలు తీశారు, నన్ను మెచ్చుకున్నారు. కొన్నాళ్ళకు ఒక ఉదయం మెట్ల మీద నిలబడి చూస్తే, మంచు పట్టిన పచ్చికలో ఆయన తోపుడుబండి జాడ చెరువు దాకా కనబడింది. తిన్నగా పోయి, చెట్టు ఉన్నచోట పక్కకు వంగి, అర్ధచంద్రంలా చుట్టి, మళ్ళీ తిన్నగా పోయింది. మర్నాడూ అంతే, ఆ మర్నాడూ అంతే. గడ్డి అరిగి అక్కడొక వంపు పడిపోయింది. ఆయన నాతో ఎప్పటిలాగే నమస్కారం పెట్టి మాట్లాడేవాడు, ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది. మరుసటి ఏడాది రిటైరయి వెళ్ళిపోయాడు. ఆ తరువాత ఎన్నో తోటలు చూశాను. ఏ పచ్చిక మీద మంచు పడినా నేరుగా చూడలేకపోయాను.

మొన్న గురువారానికి టెర్మిన్ పెట్టుకుని, అంటే ముందుగా వేళ ఖాయం చేసుకుని, కాగితాలు తీసుకుని తోటకు వెళ్ళాను. ఫోను చేసిన ఆఫీసు అమ్మాయి చేతిలో పలక లాంటి కంప్యూటరు. మొదటి చెట్టు ఎక్కడ వేద్దామో చూడండి అంటే, నక్షా విప్పకుండానే నడిచాను. ఆ వంపు ఎప్పుడో పూడిపోయింది, అయినా నా కాళ్ళు వాటంతటవే పక్కకు తిరిగాయి. అక్రోటు ఉన్న చోటు చూపించి, గుర్తు మేకు ఇక్కడ పాతమన్నాను. ఇక్కడే ఎందుకో కారణం రాయాలి, ఖాళీగా వదిలితే ఈ పట్టీ ముందుకు వెళ్ళదు అందామె. తోటమాలి చెల్లెలి సంగతి చెప్పాను. ఆమె మధ్యలో ఆపలేదు, ఇది తోటపనికి సంబంధించినదేనా అని అడగలేదు, మొత్తం రాసుకుంది.

మా కాలంలో షావుకారు కళ్ళకు ఏం కనబడిందో అదే తోట అనుకున్నాం. ఈ పిల్లలు నీడన ఎవరు కూర్చున్నారని అడుగుతున్నారు. అడిగినందుకు సంతోషమే, కానీ ఆ తోటమాలి బతికి ఉండగా నేను ఆయనకు చెప్పాల్సిన ఒక్క మాట నా దగ్గరే మిగిలిపోయింది. పని అయ్యాక గేటు వైపు బయలుదేరాం. ఆ అమ్మాయి మేకును దాటుకుని తిన్నగా వెళ్ళింది. నేను చుట్టూ తిరిగి వెళ్ళాను.