సత్రంలో మొదటి గరిటె

ఆ రోజుల్లో తెనాలిలో దాత పేరు లేని వస్తువు కనబడితే ఆశ్చర్యపోవాల్సిందే. మా సత్రంలో బల్లల మీద, బకెట్ల మీద, ఆఖరికి ఫ్యాను రెక్కల మీద కూడా పేర్లే. (దాత చూడవస్తే ఎంత ఎండలోనైనా ఫ్యాను ఆపేవాళ్ళం. తిరుగుతుంటే పేరు కనబడదు కదా.) మిల్లులు పెరిగి, రేపల్లె, బాపట్ల వైపు నుంచి కూలీలు వచ్చి పడుతున్న కాలంలో ఒక రైసుమిల్లు యజమాని తల్లి గేటు దగ్గర గంజి కాచి పోయించిందట. ఆ గంజి కుండే పెరిగి పెరిగి, ఆస్పత్రిలో రోగుల వెంట వచ్చినవాళ్ళకు రోజూ భోజనం పెట్టే సత్రమైంది. డిగ్రీ అయిపోయి అందులో సూపర్‌వైజరుగా చేరిన కొత్తలో ఆ కథ విన్నప్పుడల్లా నాకు ఒళ్ళు పులకరించేది. ఆ పులకరింత కాస్తా తలకెక్కి, సత్రం నా వల్లే నడుస్తోందని కూడా అనుకునేదాన్ని.

చేరి నెల తిరక్కుండానే, ఏడాదికి సరిపడా బియ్యమిచ్చే పెద్దాయన వస్తున్నారని కబురొచ్చింది. ఆ గంజి పోయించిన పెద్దమ్మగారి మనవడే. ఆనవాయితీ ప్రకారం దండ వేయించుకుని ఆయన మొదటి గరిటె వడ్డించాలి. మేమంతా గడియారం బాబాయ్ అని పిలుచుకునే మా మేనేజరు వాచీ చూసుకుంటూ, "ఆయనకి కోపమొస్తే బియ్యం ఆగుతాయమ్మాయ్, నీ ఉద్యోగమూ ఆగుద్ది" అని వీధి చివరికి ఎదురెళ్ళాడు. అప్పుడే తెల్లపంచె, భుజాన కండువాతో నిండైన మనిషొకాయన గుమ్మంలోకి వచ్చాడు. నేను ఆలోచించలేదు. (ఆలోచించడం నాకు పెళ్ళయ్యాక అలవాటైంది.) మెళ్ళో దండ వేసి చేతిలో గరిటె పెట్టాను.

ఆయన దండ వంక, గరిటె వంక చూసి, కండువా నడుముకు బిగించాడు. ఒక్క గరిటెతో ఆగలేదు, పంక్తంతా తిరిగాడు. ప్రతి ఆకు దగ్గరా వంగి, "మీవాళ్ళకి ఎట్టా ఉందమ్మా? నువ్వు తింటేనే గదా వాళ్ళని చూసుకునేది" అన్నాడు. ఒకావిడ అన్నంలో చెయ్యి పెట్టి ఏడ్చేసింది. ఫ్యాను మీద పేరు చదువుకుని వెళ్ళిపోయే దాతలనే అప్పటిదాకా చూశాను. ఇంత గొప్ప మనిషి ఉంటాడా అనుకున్నాను.

అంతలో కారు ఆగింది. గడియారం బాబాయ్ వెంట మరో తెల్లపంచె ఆయన దిగారు.

"ఎవరమ్మా ఆయన?" అన్నారు అసలు పెద్దాయన. నేను పరుగున వెళ్ళి, వడ్డిస్తున్న మనిషినే అడిగాను.

"మాది పిట్టలవానిపాలెం అమ్మా. మా ఇంటిదాన్ని ఆస్పత్రిలో చేర్చా. ఇక్కడ అన్నం పెడతారంటే వచ్చా. వడ్డించాకే తినాలేమో అనుకున్నా" అన్నాడు.

ఆ మాట పెద్దాయనకూ వినబడింది. నా ఉద్యోగానికి నీళ్ళొదులుకున్నాను. పెద్దాయన చెప్పులు విడిచి, వెళ్ళి పంక్తి చివర కూర్చున్నారు.

"మీవాళ్ళెవరండి ఆస్పత్రిలో?" అని వంగి అడిగాడు పిట్టలవానిపాలెం ఆయన.

"ఎవరూ లేరండి. ఆకలేసి వచ్చా."

"మొహమాటపడమాకండి. బాగా పెడతారిక్కడ."

పెద్దాయన తలొంచుకుని ఆకు ఖాళీ చేశారు. వెళ్తూ వెళ్తూ, రేపట్నించి తినడానికొచ్చినవాళ్ళలో ఒకరి చేతే మొదటి గరిటె వేయించమని చెప్పారు. నా ఉద్యోగం సంగతి ఎవరూ ఎత్తలేదు.

మొన్నామధ్య మా తోటికోడలి ఆపరేషనుకని తెనాలి వెళ్ళి, మధ్యాహ్నం అదే సత్రానికి భోజనానికి వెళ్ళాను. యూనిఫాం వేసుకున్న ఒక అమ్మాయి నా చేతికి గరిటె ఇచ్చింది.

"మొదటి గరిటె మీరే వెయ్యాలండి. పెద్దమ్మగారి కాలం నుంచీ మా సత్రం ఆచారం. గోడ మీద రాసుంది చూడండి."

నిజంగానే పాలరాతి మీద బంగారు అక్షరాలతో ఉంది. పెద్దమ్మగారిది కాదమ్మా, అది నా తొందరపాటు అని చెప్పబోయాను. అన్ని పేర్లున్న ఆ సత్రంలో పిట్టలవానిపాలెం ఆయన పేరు మాత్రం నేను అడగనే లేదని గుర్తొచ్చి, నోరు మూసుకున్నాను. మొదటి ఆకు దగ్గర వంగి, "మీవాళ్ళకి ఎట్టా ఉందమ్మా?" అన్నాను. ఆవిడ మొహం చూస్తూ వేసేసరికి సగం అన్నం ఆకు పక్కన పడింది.

"పర్లేదు ఆంటీ," అంది ఆ అమ్మాయి, "కొత్తలో అందరికీ అంతే."