హాలంతా ఎత్తిన చేతులు

మొన్న మా సిడ్నీ శివారు ద పాండ్స్‌లో ఒకరింట గృహప్రవేశ ప్రార్థనకి వెళితే, బిర్యానీ ప్లేటు చేత్తో పట్టుకుని ఒక అంకుల్ మళ్ళీ అదే కథ ఎత్తుకున్నారు. మా బావగారిని ఎన్నికల్లో ఓడించింది తెలుగు క్రైస్తవులేనట, ఎదురుగా చేతులెత్తి, వెనకాల వేరేవాళ్ళకి ఓట్లేశారట. "మనవాడు పైకొస్తే మనవాళ్ళే చూడలేరమ్మా," అని నిట్టూర్చారు కూడా. అది శుద్ధ తప్పని అక్కడే అన్నాను. మా ఆయన మోచేత్తో పొడిచారు గానీ, పెళ్ళయినప్పటినుంచీ పొడిపించుకుంటున్నదాన్ని, దానికి ఆగుతానా? ఈలోగా కేకు కోయడం మొదలై సగంలో ఆపాల్సివచ్చింది. మిగతా సగం ఇక్కడ చెబుతాను. ఆ రోజుల్లో సిడ్నీలో దిగినవాళ్ళు మీలోనూ ఉంటారు, నిజమో కాదో మీరే చెప్పండి.

అవి వైటూకే రోజులు. రెండువేల సంవత్సరం రాగానే కంప్యూటర్లన్నీ కుప్పకూలతాయని లోకమంతా హడలిపోతుంటే, ఆ హడలు పుణ్యమా అని గుంటూరు, ఏలూరు, బెజవాడ పిల్లలు బిలబిలమంటూ విమానాలు దిగుతున్నారు. ఆదివారం మధ్యాహ్నాలు, తెల్లవాళ్ళ ఆరాధన అయిపోయాక, అద్దెకు తీసుకున్న చర్చి హాల్లో మా తెలుగు ఆరాధన జరిగేది. బావగారు, అంటే మా ఆయన పెద్దన్నయ్య, మా అందరికంటే చాలా ముందు వచ్చి ఈ దేశ పౌరుడైన ఇంజనీరు. దేవుణ్ణీ పేదవాణ్ణీ ఒకే మేనిఫెస్టోలో పెట్టాలని చూసే ఒక చిన్న క్రైస్తవ పార్టీలో ఆయన సభ్యుడు. ఆ పార్టీ మా ప్రాంతంలో పోటీ చేసిన ప్రతిసారీ ఓడింది, ఓడిన ప్రతిసారీ మళ్ళీ పోటీ చేసింది. ఆసారి అభ్యర్థిగా బావగారిని నిలబెట్టారు. గెలుస్తానని ఆయనెప్పుడూ అనుకోలేదు. మనవాళ్ళు తన వెనక ఉన్నారని ఓట్ల లెక్కలో కనబడితే చాలు అనేవారు.

అభ్యర్థిని పరిచయం చేయడానికి పార్టీ అధ్యక్షుడు, ఎర్రటి మొహం పెద్దాయన, మా ఆరాధనకి వచ్చారు. పాస్టరు గారు ఉత్సాహం పట్టలేక "మన అన్నయ్యని బలపరిచేవాళ్ళంతా చేతులెత్తండి," అన్నారు. మనవాళ్ళకి చేతులెత్తడం కొత్తా? ప్రార్థన అవసరతకి ఎత్తుతాం, సాక్ష్యానికి ఎత్తుతాం, వచ్చేవారం వంటకి ఎవరొస్తారంటే ఎత్తుతాం. హాలంతా చేతులు లేచాయి, అంతకుముందు వారమే దిగిన పిల్లలవి కూడా. నేను లేచి, ఓటు సిటిజన్లకే కదా, వీళ్ళంతా వీసాల మీద వచ్చినవాళ్ళు కదా అన్నాను. పక్కనున్న తోడికోడలు కొంగు పట్టి కూర్చోబెట్టింది. "దేవుని సన్నిధిలో లా పాయింట్లేంటే!" అధ్యక్షుడు మాత్రం ఆ చేతులన్నీ చూసి వెలిగిపోయారు.

బావగారికి తెలియదా అంటారేమో. నా మాట ఆ సందడిలో ముందు వరసదాకా పోలేదు, చట్టం మాత్రం తెలుసు. ఎవరి వీసా ఏమిటో తెలియదు. వీసా సంగతి అడగడం జీతం అడగడమంత అమర్యాద అనుకునే మనిషి. పీఆర్, అంటే శాశ్వతంగా ఉండే అనుమతి, వస్తే ఓటూ వచ్చేసినట్టే అనుకునే అమాయకులూ మాలో ఉన్నారు.

ఎన్నికల శనివారం, పోలింగు జరిగే స్కూలు గేటు దగ్గర, ఉల్లిపాయలూ సాసేజిలూ వేగుతున్న వాసనలో, చీరమీద స్నీకర్లు వేసుకుని పొద్దున్నుంచీ నిలబడ్డాను. మా ఆరాధనకొచ్చే ఆ కుర్రాళ్ళు అందరికంటే ఎక్కువ హుషారుగా కరపత్రాలు పంచారు. "గుడ్ మార్నింగ్ సర్, అవర్ అంకుల్ సర్, నంబర్ వన్ సర్!" ఇక్కడ ఓటంటే పేర్ల పక్కన ఒకటీ రెండూ అని అంకెలు వేయడమే. అవతలి పార్టీ ముసలావిడ ఒకడి చేతిలో సాసేజి పెట్టి, నువ్వు ఓటేశావా అంటే, వాడు నవ్వుతూ "నో ఓట్ ఆంటీ, ఓన్లీ హెల్పింగ్," అన్నాడు.

తీరా లెక్క చూస్తే, ఆ స్కూల్లో బావగారికి పడిన ఓట్లకంటే గేటు దగ్గర ఆయన కరపత్రాలు పంచినవాళ్ళే ఎక్కువ. ఆ ఆదివారం ఆయన ఎప్పుడూ కూర్చునే ముందు వరస వదిలేసి తలుపు పక్కన కూర్చున్నారు. "నేను వాళ్ళకేం చేశానమ్మా?" అని నన్నడిగారు.

అంతే, ప్రకటనల సమయంలో లేచాను. ఈసారి తోడికోడలికి కొంగు అందనివ్వలేదు. "సిటిజన్‌షిప్ ఉన్నవాళ్ళు మాత్రమే చేతులెత్తండి," అన్నాను. అంత పెద్ద హాల్లో అక్కడొకటీ ఇక్కడొకటీ లేచాయి. బావగారు వెనకనుంచి హాలంతా మెల్లగా కలయజూశారు. మరుసటి ఆదివారం ముందు వరసలోకి వచ్చి కూర్చున్నారు.

అప్పటికి నాకూ లేదు, ఆ తర్వాత పట్టుబట్టి పౌరసత్వం తీసుకున్నాను. తర్వాతి ఎన్నికల్లో ఆయన మళ్ళీ నిలబడితే, ఆయన పేరు పక్కన పెన్సిలు అరిగేలా ఒకటి అంకె వేశాను. మళ్ళీ ఓడిపోయారు, అయినా ఆ సాయంత్రం నాకు టీ ఆయనే పెట్టిచ్చారు.

ఇప్పుడు బావగారు లేరు, ఆ పార్టీ జాడ కూడా మా వైపు లేదు. ఇవాళ ఏ పార్టీ టీషర్టులో చూసినా మన మొహమే, ఓట్లకీ కొదవ లేదు. కానీ ఓడిపోతామని తెలిసీ పొద్దంతా ఎండలో నిలబడే ఆ పిచ్చి ప్రేమ ఏ గేటు దగ్గరా కనబడదు. మనవాళ్ళ చేతులు అబద్ధమాడలేదని చెప్పాను, ఇక ఎవరేమనుకున్నా సరే. నాకు తేలనిది ఒక్కటే. పుట్టినప్పటినుంచీ ఈ దేశపు ఎన్నికలు చూసిన ఆ ఎర్రమొహం అధ్యక్షుడు, ఆ రోజు మా హాల్లో లేచిన చేతుల్ని చూసి నిజంగా ఓట్లే అనుకున్నాడా, లేక గేటు దగ్గర కరపత్రాలు పంచడానికి మనుషులు దొరికారనుకున్నాడా?