పెచ్చు రంగు, గుర్తు రంగు

మా బాబాయిని బజారులో అందరూ 'ఇంకో చుక్క' అంటారు. కొత్తగా విన్నవాళ్ళు ఆయన తాగుబోతేమోనని జాలిపడతారు. పాపం, ఆయన మంచినీళ్ళు తప్ప ఏ చుక్కా ఎరగడు. ఆయనకి రంగుల కొట్టు ఉంది. అడిగిన రంగును డబ్బాలో కలుపుతూ, కర్రతో తిప్పుతూ, తల ఓ పక్కకి వాల్చి చూసి, "ఇంకో చుక్క పడాలి" అని గొణుక్కోవడం ఆయన అలవాటు. అదే పేరై కూర్చుంది. కోపం వచ్చినప్పుడు మా పిన్ని కూడా ఆ పేరుతోనే పిలిచేది.

నేను వాళ్ళింట్లోనే ఉంటూ కాలేజీలో మనస్తత్వశాస్త్రం చెబుతాను. "నాకు అన్నీ ఫోటో తీసినట్టు గుర్తుంటాయండీ" అనేవాళ్ళను చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. ఎవరికీ అలా గుర్తుండవు. ఒక సంగతి తలుచుకున్న ప్రతిసారీ మనసు దాన్ని మళ్ళీ తయారు చేసుకుంటుంది. కొన్ని ముక్కలు అప్పటివి, కొన్ని మొన్నటివి, ఏమీ దొరకని చోట మనకు నచ్చినవి. అతుకులు కనబడకుండా కుట్టేసి, ఇదే జరిగిందని మనచేతే ఒట్టు వేయిస్తుంది. ఈ పాఠం పుస్తకాల్లో చదువుకున్నాను గానీ, అది నిజంగా తలకెక్కింది మాత్రం బాబాయి కొట్లోనే.

ఆ కొట్టు పొడుగ్గా, సన్నగా, రైలు పెట్టెలా ఉంటుంది. వెనకంతా చీకటి, ముందు గుమ్మం దగ్గర మాత్రం వెలుతురు. మధ్యాహ్నం పూట ఎవరూ రారు. డబ్బాల మూతల మీద ఎండ మెల్లగా జరుగుతుంటుంది. టర్పెంటైను వాసనకి కళ్ళు మూతలు పడతాయి. సెలవు రోజుల్లో నేను అక్కడికి వెళ్ళి ఓ స్టూలు మీద కూర్చుని, దిద్దాల్సిన పేపర్లు ఒళ్ళో పెట్టుకుని, ఒక్కటీ దిద్దకుండా లేచి వచ్చేదాన్ని.

రంగు కోసం వచ్చినవాళ్ళకి బాబాయి ముందుగా రంగుల కార్డు చూపించడు. కబుర్లలోకి దింపుతాడు. ఒకసారి ఒకావిడ వచ్చి చిన్నప్పుడు తాము ఉన్న ఇంటి తలుపు రంగు కావాలంది.

"ఆ తలుపు తలుచుకుంటే ఏ పూట గుర్తొస్తుందమ్మా?"

"పొద్దున్నండీ. బడికి వెళ్ళేటప్పుడు."

"బయట నిలబడి చూస్తున్నారా, లోపల్నించా?"

ఆవిడ కళ్ళు మూసుకుంది. "బయటే. మా అమ్మ తలుపు దగ్గర నిలబడి ఉంది" అంది. అంటూనే గొంతు మారింది. బాబాయి ఇంకేం అడగలేదు. తెల్లరంగులో నీలం పోశాడు, ఒక చుక్క, మరో చుక్క. గుమ్మంలో వెలుతురుకి చూపించాడు. ఆవిడ "అదే, అచ్చం అదే!" అని చేతులు పట్టేసుకుంది. ఆవిడ వెళ్ళాక బాబాయి నాతో, "ఆ రోజుల్లో అంత మంచి నీలం తలుపులకి వేసేవాళ్ళు కాదు. నీళ్ళు కలిపినట్టుండే రకం" అన్నాడు.

ఇంకొకాయన పాత ఇంటి గోడ నుంచి ఒలిచిన పెచ్చునే చేతిలో పెట్టుకొచ్చాడు. దాన్ని చూసుకుంటూ, "ఇది కాదండీ, మా గోడ ఇంకా బాగుండేది. ఎవరో మార్చేశారు" అని వాదన. బాబాయికి అలాంటివి మామూలే. గుర్తులో ఏ రంగైనా ఓ మెట్టు పైకి ఎక్కి కూర్చుంటుందని ఆయన లెక్క. పచ్చ మరింత పచ్చగా, ఎరుపు మరింత ఎర్రగా. దీని మీద పరిశోధనలున్నాయని నేను చెబితే, "ఉండకేం, వాళ్ళూ గోడలకి రంగులు వేయించుకునే ఉంటారుగా" అన్నాడు. అందుకని వచ్చిన ప్రతివాళ్ళనీ అడిగేవాడు: "మీకు పెచ్చు రంగు కావాలా, గుర్తు రంగు కావాలా?" పాత గోడకి అతుకు వేయాలంటే పెచ్చు రంగు. గోడంతా కొత్తగా వేయించుకుంటే గుర్తు రంగు. ఆయన వ్యాపార రహస్యమంతా అంతే.

ఇక మా పిన్ని సంగతి. ఆవిడ టెలిఫోను ఎక్స్ఛేంజీలో పనిచేసింది. హలో అనగానే గొంతును బట్టి మనిషి పేరు చెప్పేసేది. ఊళ్ళో నంబర్లన్నీ నాలుక చివర ఉండేవి. బాబాయి పెళ్ళికి ముందు అవసరం లేకపోయినా ఫోన్లు కలపమని అడిగేవాడట. ఆవిడ కావాలనే తప్పు నంబరుకి కలిపి నవ్వుకునేదట.

అలాంటి పిన్నికి మరుపు వచ్చింది. మొదట్లో స్టవ్వు మీద పాలు పెట్టి మరిచిపోవడం, తర్వాత పాలు పొంగించింది తనే అన్నది మరిచిపోవడం. ఆపైన పొద్దున జరిగింది సాయంత్రానికి ఉండేది కాదు. నంబర్లు మాత్రం ఎక్కడికీ పోలేదు. పాత డాక్టరుగారి నంబరు అడిగితే ఠక్కున చెప్పేది, కుడిచెయ్యి గాల్లోకి లేచి కనిపించని ఎక్స్ఛేంజీ బోర్డులో తీగ గుచ్చేది. చేతుల గుర్తు వేరు, మాటల గుర్తు వేరు. ఒక గది తడిసినా పక్క గది పొడిగా ఉండొచ్చు. క్లాసులో ఈ ముక్క గడగడా చెప్పే నేను, ఆ చెయ్యి లేచినప్పుడల్లా మొహం పక్కకి తిప్పుకునేదాన్ని.

అయినా ఆవిడ తన పడకగదిలో హాయిగా ఉండేది. ఏ వస్తువు పేరు అందకపోయినా, ఆ మంచం, ఆ కిటికీ, ఆ లేత ఆకుపచ్చ గోడ తనవని ఆవిడకి తెలుసు. మనసు ఒక్కోసారి సంగతిని వదిలేసి చోటును పట్టుకుని వేళ్ళాడుతుంది. ఆ చోటూ ఒకనాడు మారిపోవచ్చని మేం ఆలోచించలేదు.

వానలకి పైకప్పు కారి ఆ గది గోడలు ఉబ్బిపోయాయి. తాపీమేస్త్రి వచ్చి, పాత సున్నమంతా రాలగొట్టి కొత్తగా పూత పూశాడు. అన్నాళ్ళూ పిన్నిని ముందుగదిలో పడుకోబెట్టాం. అప్పుడు మొదలైంది. పొద్దువాలితే చాలు, చేతిసంచి భుజానికి తగిలించుకుని వీధి తలుపు దగ్గరికి వచ్చేసేది.

"ఇంటికి వెళ్దాం, పదండి. చాలాసేపైంది మనం వచ్చి."

"ఇదే మన ఇల్లు కదా" అంటే, మర్యాదగా నవ్వి, "మీ ఇల్లు బాగుంది. కానీ మేం వెళ్ళాలి" అనేది. ఒకరోజు తలుపు తీసుకుని వీధి మలుపు దాకా వెళ్ళిపోయింది. బాబాయి చెప్పులైనా వేసుకోకుండా పరుగెత్తి తీసుకొచ్చాడు. గది తయారైతే అన్నీ సర్దుకుంటాయని నాకు చెప్పాడు, తనకీ చెప్పుకున్నాడు.

రంగు దగ్గర ఆయన ఎంత జాగ్రత్త పడ్డాడో! స్విచ్చుల పలక విప్పితే, దాని కింద మేస్త్రి చెయ్యి పడని చోట పాత రంగు అరచేతిమేర మిగిలి ఉంది. గోటితో ఓ పెచ్చు ఒలిచి జేబురుమాల్లో చుట్టుకుని కొట్టుకి తీసుకెళ్ళాడు. కలిపాడు, ఆరబెట్టాడు, పక్కన పెట్టి చూశాడు, మళ్ళీ కలిపాడు. చివరికి పెచ్చు ఏదో కొత్త పూత ఏదో నాకైతే తేడా తెలియలేదు. గోడలన్నీ తనే వేశాడు.

ఆరిన రోజు సాయంత్రం పిన్నిని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చాడు. ఆవిడ గుమ్మం దగ్గరే ఆగిపోయింది. లోపలికి చూసి ఒక అడుగు వెనక్కి వేసింది.

"ఎవరి గదండీ ఇది?"

"మనదే. చూడు, నీ మంచం. నీ కిటికీ."

"కాదు. ఎవరో ఉంటారు లోపల. బాగుండదు, పదండి."

బాబాయికి ముక్కు మీదే కోపం. జేబులోంచి రుమాలు తీసి, ఆ పెచ్చును గోడకి ఆనించి, "ఇదిగో! ఇదిగో చూడు! ఇది మన గోడ కాకపోతే మరేమిటి?" అని ఇల్లదిరేలా అరిచాడు. పిన్ని ఆ పెచ్చును చూడలేదు. ఆయన నోటినే చూసింది, భయంగా. తర్వాత చిన్నపిల్లలా ఏడ్చింది.

నాకు ఆయన మీద అరికాలి మంట నెత్తికెక్కింది. పిన్నిని ముందుగదిలో కూర్చోబెట్టి వచ్చి దులిపేద్దామనుకున్నాను. వచ్చేసరికి ఆయన ఆ ఖాళీ గదిలో నేల మీద కూలబడి ఉన్నాడు. కోపం సగం చల్లారింది. మిగతా సగంతో అడిగాను.

"బాబాయ్, ఇది పెచ్చు రంగా, గుర్తు రంగా?"

ఆయన తలెత్తలేదు. "ఊరందర్నీ అడిగాను. ఇంట్లో మనిషిని అడగలేదమ్మాయ్" అన్నాడు.

మర్నాడు మధ్యాహ్నం పిన్నిని కొట్టుకి తీసుకెళ్ళాం. గుమ్మం దగ్గర, వెలుతురున్న చోట నేను కూర్చునే స్టూలు మీద కూర్చోబెట్టాం. వీధిలో చప్పుడు లేదు. గాలికి రంగుల కార్డులు నెమ్మదిగా ఊగుతున్నాయి. బాబాయి బల్ల అవతలికి వెళ్ళి నిలబడి, ఎవరో కొత్తావిడతో మాట్లాడినట్టు మాట్లాడాడు.

"చెప్పండమ్మా, ఏం రంగు కావాలి?"

పిన్ని సర్దుకుని కూర్చుంది. తన మాట అడిగేవాళ్ళు దొరికి చాన్నాళ్ళైనట్టుంది. "మా పడకగదికండీ. ఆకుపచ్చ."

"ఆ గది తలుచుకుంటే ఏ పూట గుర్తొస్తుంది?"

"సాయంత్రం. డ్యూటీ దిగి వచ్చి మంచం మీద నడుం వాలుస్తానా, కిటికీలోంచి ఎండ గోడ మీదికి పాకుతుంది. గోడంతా చిగురేసినట్టుంటుంది."

బాబాయి చేతిలో కర్ర ఆగింది. నేనూ ఆయనా ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. ఆ కిటికీకి ఎదురుగా పెద్ద మేడ లేచి చాలా కాలమైంది. ఆ గదిలోకి ఎండ రావడం మానేసింది, మేం గమనించనే లేదు. రోజూ కాస్త కాస్తగా మారేదాన్ని కన్ను పట్టుకోదు. మరుపొచ్చిన మనిషే ఆ ఎండను దాచుకుంది; గది విడిచి ఉండేసరికి ఆవిడ మనసులో ఆ ఎండ గదే మిగిలింది. బాబాయి పెచ్చును బట్టి రంగు తెచ్చాడు, ఎండను తేలేకపోయాడు.

ఆయన డబ్బాలో పసుపు వేశాడు. ఒక చుక్క. తిప్పాడు. అట్ట మీద పూసి చూపించాడు.

"ఇంకా" అంది పిన్ని.

ఇంకో చుక్క. "ఇంకాస్త." ఇంకో చుక్క. అవతలి గోడ నీడ బల్ల మీదికి వచ్చేదాకా అదే పని. మధ్యలో ఆవిడ కబుర్లు చెబుతూనే ఉంది.

"మా ఆయన సాయంత్రం ఇంటికొచ్చి వెంటనే లోపలికి రారండీ. గుమ్మంలో నిలబడి నన్నే చూస్తుంటారు. రండి అంటే గానీ రారు."

బాబాయి కర్ర తిప్పడం మానలేదు. ఆయన అలా నిలబడ్డ జ్ఞాపకం నాకు లేదు. ఆయనకీ లేదని మొహం చూస్తే తెలిసింది. కొట్టు మూసి ఇంటికొచ్చి, చెప్పులు విసిరి, నీళ్ళివ్వమని కేకేసే మనిషి ఆయన.

"చాలా నెమ్మది. ఒక్కసారి కూడా నా మీద గట్టిగా అరిచి ఎరగరు" అంది పిన్ని.

నిన్నటి అరుపు నా చెవుల్లో ఇంకా ఉంది. నేను అట్టల వైపు తిరిగి ముక్కు తుడుచుకున్నాను. బాబాయి చాలా మెల్లగా, "అదృష్టవంతులమ్మా మీరు" అన్నాడు. తర్వాత అట్ట చూపించాడు. ఎండ తగిలిన చిగురు రంగు. ఆ ఇంటి గోడ మీద ఎన్నడూ లేని రంగు.

"ఇదే. మీకెలా తెలిసింది?" అంది పిన్ని.

మళ్ళీ గోడలన్నీ వేశాడు. నేను సాయం చేస్తానంటే ససేమిరా అన్నాడు. ఆరాక, పొద్దువాలే వేళ, పిన్ని అలవాటుగా సంచి తగిలించుకుని బయల్దేరింది. "వెళ్దాం పద పిన్నీ" అని నేను చెయ్యి పట్టుకుని, వీధిలోకి తీసుకెళ్ళకుండా ఆ గది వైపు నడిపించాను. ఈసారి కూడా కాదంటే ఆవిడకి ఇక వెళ్ళడానికి ఏ ఇల్లూ లేదు.

గుమ్మంలో ఆగింది. చూసింది. భుజాలు కిందికి దిగాయి. నా చెయ్యి వదిలేసి లోపలికి నడిచి, సంచి కొక్కేనికి తగిలించి, మంచం మీద కూర్చుంది. గోడ వైపు కాసేపు చూసి, "అబ్బ, ఎంతసేపు తిరిగాం బయట" అంది. తర్వాత కళ్ళు మూసుకుని నడుం వాల్చింది.

నేను పక్కకి తప్పుకున్నాను. బాబాయి వచ్చాడు. చెప్పులు విసరలేదు. విప్పి గోడవారగా పెట్టాడు. చేతులకి పచ్చరంగు ఇంకా అంటుకునే ఉంది. లోపలికి వెళ్ళబోయి, ఏదో గుర్తొచ్చినట్టు గుమ్మంలోనే నిలబడిపోయాడు. ఆవిడనే చూస్తూ నిలబడ్డాడు.

పిన్ని కళ్ళు తెరిచింది. నవ్వింది, ఎక్స్ఛేంజీలో తప్పు నంబరు కలిపినప్పుడు ఎలా నవ్వేదో అలా.

"వచ్చారా? రోజూ ఇదే పనా మీకు? రండి లోపలికి."

"రోజూ ఇదే పని" అన్నాడు బాబాయి.

అప్పటినుంచి అది నిజమే. ఆయన రోజూ సాయంత్రం కొట్టు మూసి వచ్చి, ఆవిడ రమ్మనేదాకా ఆ గుమ్మంలోనే నిలబడతాడు.